నీడలో నిలిచిన మెడేయా

ఆమ్‌స్టర్‌డాము నగరమున వెలుతురు ఆకాశమునుండి సూటిగా దిగివచ్చునది కాదు. అది తొలుత కాలువనీటిపై వ్రాలి, అచ్చటినుండి ఎత్తైన ఇండ్ల కిటికీ అద్దముల కెగసి, తిరిగి వీథిలోనికి జారి, చివరకు బాటసారి ముఖముమీద పడునప్పటికి తన కాఠిన్యమునంతయు కోలుపోయి యుండును. కోస్తాజిల్లాల మిట్టమధ్యాహ్నపుటెండలో పెరిగిన నాబోటివానికి నీడకును వెలుగునకును నడుమ గిరిగీసినట్లు హద్దు కనబడుట అలవాటు. ఇచ్చటనో, ఏది ఎండయో ఏది నీడయో తేల్చుకొనులోపలనే మబ్బు కదలి రెండును తారుమారగును. సెంట్రల్ స్టేషనులో దిగి, నీవ్‌మార్క్‌టు మీదుగా యోడెన్‌బ్రేస్ట్రాట్ అను వీథికి కాలినడకను పోవుచు, ఛాయాతపముల మర్మమెరిగిన రెంబ్రాంటువంటి చిత్రకారుడు ఇట్టి దేశమున వర్ధిల్లుటలో వింతయేమున్నదని యెవరైనను అనుకొందురు. అనుకొనుట సులభమేకాని, ఆ వాదము నిలుచునది కాదు. ఊరి ఆకాశమే చిత్రకారుని తీర్చిదిద్దునదైనచో ఆ ఊర కుంచె పట్టిన ప్రతివాడును రెంబ్రాంటు కావలసియుండెను. అతని వెలుగు ప్రకృతినుండి ఎరువు తెచ్చుకొన్నది కాదు. కథకు ఎచ్చట అవసరమో అచ్చట, ఎంత అవసరమో అంత, ఆచితూచి ఉంచినది. ఆ లెక్క అతని వర్ణచిత్రములలోకంటె రాగిరేకుమీద గీసి అచ్చొత్తిన ఎచ్చింగులలో మరింత స్పష్టముగా తెలియును. ఏలయన, అందు రంగుల తోడ్పాటు లేదు. నల్లని గీతయు, తెల్లని కాగితమును తప్ప చిత్రకారునికి వేరు దిక్కులేదు.

రెంబ్రాంటు 1639లో కొనిన ఇల్లు ఆ వీథిలోనే యున్నది. వెల 13,000 గిల్డరులు. వాయిదాలమీద తీర్చెదనని ఒప్పుకొని, తీర్చలేక, వడ్డీకి వడ్డీ పెరుగుచుండగా, 1656లో అతడు దివాలా తీసెను. అంతట అధికారులు గదిగదియు తిరిగి ఇంటిలోని వస్తువులకు పట్టీ వ్రాసిరి. 360కి పైబడిన పద్దులు గల ఆ పట్టీలో అతని చిత్తరువులును, పరులు వ్రాసిన చిత్తరువులును, శంఖములును, ఆయుధములును, ప్రాచీన శిలావిగ్రహముల పోతపోసిన ప్రతిరూపములును, ఇటలీ ముద్రాచిత్రముల సంపుటములును చేరినవి. 1911నుండి మ్యూజియముగా నున్న యీ గృహమును నేడు ఆ పట్టీ ననుసరించియే అమర్చియున్నారు. అప్పులవాండ్రకొరకు వ్రాసిన జాబితాయే తరువాతి తరములవారికి ఇల్లు చూపు మార్గదర్శి యగుట విధివిలాసముగాక మరేమి? మేడమీది చిత్రశాలకు ఉత్తరపు కిటికీలు కలవు. ఎండ నేరుగా చొరబడని ఆ వెలుతురు పొద్దుపొడుపునుండి పొద్దుగూకువరకు ఇంచుమించు ఒక్కతీరున నిలుచునట. ఇరుకైన మెట్లెక్కి అచ్చట కొంతసేపు నిలిచితినిగాని, నన్ను పట్టియుంచినది ఆ గది కాదు, ముద్రణయంత్రమున్న గది.

అందు కొయ్యతో చేసిన ముద్రణయంత్రమును, పైన కట్టిన తాళ్ళమీద ఆరుచున్న కాగితములును కలవు. సిరాయు నూనెయు కలిసిన వాసన గదియంతయు నిండియుండెను. అచ్చట పనిచేయు యువతి యొకతె వచ్చినవారికి ఆ విద్యను చేసి చూపుచుండెను. నున్నని రాగిరేకుమీద మైనము, గుగ్గిలము, తారువంటి యొక నల్లని పదార్థము కలిపిన పూత పూసి, ఆరిన పిదప సూదితో దానిమీద బొమ్మ గీయుదురు. సూది సాగినచోట పూత తొలగి రాగి ఎఱ్ఱగా మెరయును. పిమ్మట రేకును ఆమ్లమున ముంచినచో, పూత కాపాడినచోట రాగి చెక్కుచెదరక, గీత తెరచినచోట మాత్రము కొరుకుడుపడి సన్నని చాలు ఏర్పడును. కొంత భాగమును మరల పూతతో మూసి తక్కిన దానిని ఇంకను ఆమ్లమున ఉంచినకొలది ఆ చాళ్ళు లోతెక్కి, అచ్చులో నలుపు చిక్కనగును. పూతను కడిగివైచి, సిరా దట్టించి, పలుచని గుడ్డతోను ఆపై అరచేతి అంచుతోను తుడిచి, తడిపిన కాగితమును పైన పరచి, యంత్రపు రోలర్ల నడుమ నుండి లాగినంతట చాళ్ళలోని సిరా కాగితమున కెక్కును. రేకుమీద కుడివైపున్నది కాగితముమీద ఎడమకు వచ్చును. అందుచేత సంతకమును సైతము చిత్రకారుడు తిరుగవేసి వ్రాయవలసినదే.

"తెలుపు నెట్లు వేయుదురమ్మా?" అని నేనడిగితిని.

"తెలుపు వేయుట యన్నది లేదండీ. అచ్చట చేయి పెట్టకుండ ఊరకుండుటయే," అని ఆమె చేతి సిరాను గుడ్డకు రాచుకొనుచు నవ్వెను.

పేడతో అలికిన వాకిట మన ఆడువారు తెల్లనిపిండితో దిద్దు ముగ్గునకు ఈ విద్య సరిగా విపర్యయము. అచ్చట చేయి నడచినచోట వెలుగు; ఇచ్చట చేయి ఎంత శ్రమించిన నంత చీకటి. ఎచ్చింగునందు వెలుగనునది చిత్రకారుడు చేసినది కాదు, చేయక మానినది. ఈ యొక్కమాట మనసున నుంచుకొని చూచినచో రెంబ్రాంటు గీసిన ఇంచుమించు 300 ఎచ్చింగులలో ప్రతిదానియందును రెండు నిర్ణయములు వేరువేరుగా కనబడును: ఎవరిపై శ్రమపడెను, ఎవరిని ముట్టక విడిచెను అని.

అందులకు నేనెన్నుకొన్నది 1648లో అతడు చేసిన మెడేయా చిత్రము. రైక్స్ మ్యూజియమునందు ముద్రాచిత్రములను బల్లమీద పెట్టి చూపించు పఠనమందిర మొకటి కలదు. ముందుగా కోరియుంచిన ప్రతిని అచ్చటి ఉద్యోగిని మందపాటి అట్టచట్రముతో తెచ్చి, నా ముందు నుంచి, కలమును జేబులో పెట్టుకొనుడని చెప్పి, పెన్సిలును భూతద్దమును ఇచ్చి పోయెను. గోడమీద వ్రేలాడు చిత్రమును నిలుచుండి చూతుము. ముద్రాచిత్రమును కూర్చుండి, ముఖము వంచి, గ్రంథమువలె చదువుదుము. పొడవు 24 సెంటిమీటర్లు, వెడల్పు 18 సెంటిమీటర్లు మించని ఆ కాగితమున ఒక మహామందిరము, ఒక వివాహము, ఒక సర్వనాశనమును ఇమిడియున్నవి.

కథ మనవారికి కొంత చెప్పవలెను. స్వర్ణోర్ణమును, అనగా బంగరు గొఱ్ఱెతోలును, సాధింప కోల్కిసు దేశమునకు పోయిన గ్రీకు వీరుడు జేసనుకు ఆ దేశపు రాకుమారి మెడేయా తన మంత్రవిద్యతో తోడ్పడి, తండ్రిని విడిచి, అతనిని వరించి వెంట వచ్చినది. ఇద్దరు బిడ్డలు కలిగిన పిదప జేసను కొరింతు రాజునకు అల్లుడగు ఆశతో రాజపుత్రి క్రెయూసాను పెండ్లాడబూనెను. మెడేయా విషము పూసిన వస్త్రమును కానుకగా పంపి కొత్త పెండ్లికూతును దహించి, తన బిడ్డలను తన చేతులతోనే చంపి, సర్పములు లాగు రథమునెక్కి పోయినది. క్రీ. పూ. 431లో యూరిపిడీసు దీనిని నాటకము చేసెను. రోములో సెనెకా మరల చేసెను. రెంబ్రాంటునకు మిత్రుడగు యాన్ సిక్సు అను ధనికయువకుడు డచ్చిభాషలో మరియొకటి వ్రాసి 1648లో అచ్చువేయించెను. ఆ పుస్తకముకొరకే యీ ఎచ్చింగు.

వింతయేమన, రెంబ్రాంటు గీసిన పెండ్లి సిక్సు నాటకమున రంగస్థలముమీద జరుగదు. హత్య కలదు, విషవస్త్రము కలదు, సర్పరథము కలదు. చిత్రకారుడైనవానికి నోరూరించు ఘట్టము లన్నియు నుండగా, వానినన్నిటిని ప్రక్కకు నెట్టి, నాటకకర్త చూపని పెండ్లినే యేల పట్టుకొనెను? ఆ శతాబ్దపు బరోకు చిత్రకారులకు పురాణకథ యనగా పరాకాష్ఠయే: ఎత్తిన కత్తి, ఎగసిన వస్త్రము, తెరచిన నోరు. రోములో క్లోడ్ లోరేను 1634లో చేసిన యూరోపా ఎచ్చింగున కొంత నెమ్మది కలదుగాని, అందు కథకంటె సముద్రతీరపు గాలియు వెలుగునే ప్రధానము. రెంబ్రాంటు ఈ రెండు దారులును తొక్కలేదు. అతడెన్నుకొన్నది ఇంకను ఏమియు జరుగని క్షణము. ఏమియు జరుగలేదని మందిరములోనివారందరును నమ్మియుండగా, జరుగబోవునది ఒక్కతెకు మాత్రము తెలిసిన క్షణము.

భూతద్దము తీసి ప్రక్కన పెట్టి, తొలుత చిత్రమును మొత్తముగా చూచితిని. చూపు ముందుగా పోయి వ్రాలునది నడుమనున్న తెల్లదనముమీద. అచ్చట వేదికయెదుట వధూవరులు మోకరిల్లియున్నారు. వారికి ఎదురుగా, బిషప్పు కుళ్ళాయి వంటిదానిని ధరించిన పురోహితుడు. వేదికమీది పొగ పైకెగయుచుండ, వివాహముల నధిదేవత యగు జూనో విగ్రహము కొలువుదీరియున్నది. ఆ పొగవెంట చూపు పైకి పోయి, స్తంభములును కమానులును గల ఎత్తైన శూన్యమున కొంత తిరుగాడును. మనుష్యులు చిన్నవారు, కట్టడము పెద్దది. పై భాగమంతయు ఇంచుమించు గాలియే. అందు గీతలు సన్ననివి, ఏటవాలువి, ఒండొంటిని తాకనివి. ఆమ్లము వానిని పైపైన మాత్రమే కొరికి విడిచినది. పైనుండి దిగు వెలుగును రెంబ్రాంటు గీయలేదు. ఆ గీతల నడుమ కాగితమును ఊపిరి పీల్చుకొననిచ్చెను. అంతట చూపు అలసి, మెట్లవెంబడి క్రిందికి, కుడిమూలకు జారును. అచ్చట చీకటి. ఆ చీకటిలో చూపు కుదురుకొనుటకు ఒకింత కాలము పట్టును. కుదురుకొన్న పిదపగాని అందొక స్త్రీ యున్నదని తెలియదు.

ఆమెయే మెడేయా. అందరికంటెను మనకు సమీపమున నున్నది ఆమెయే, అందరికంటెను కడపట కనబడునదియు ఆమెయే. రంగస్థలమున నాయికను వెలుగులో నిలిపి తక్కినవారిని మసకలో నుంచుట లోకవ్యవహారము; ఇచ్చట నాయిక పేరనే చిత్రము, నాయికమీదనే చీకటి. ఆమెను చూచినంతట మరల పైకి, ఆ తెల్లదనమువైపు చూడక తప్పదు. రెండవమారు చూచినది మొదటిమారు చూచిన పెండ్లి కాదు. మోకరిల్లిన వారిమీది వెలుగు ఆశీర్వాదమువలె తోచినది ఇప్పుడు వారిని పట్టిచూపు గురిగా మారును. ఒక్క గీతయు మారలేదు. మన చూపు ఒకమారు క్రిందికి పోయివచ్చినది, అంతే. కదలని కాగితమున కాలమును నడపించుట ఇట్లు సాధ్యమని నాకంతకు ముందు ఏ సిద్ధాంతగ్రంథమును ఇంత స్పష్టముగా చెప్పలేదు.

అప్పుడు భూతద్దమును ఆ కుడిమూలమీద నుంచితిని. చీకటి యనుకొన్నది ఒక్కటిగా లేదు, వలలుగా విడిపోయినది. నిలువుగా పోవునవి, అడ్డముగా పోవునవి, వానిని కోసికొని వాలుగా పోవునవి, ఇట్లు గీతలమీద గీతలు. ఆమె వస్త్రమున గీతలు దుస్తుల మడతల ననుసరించి వంగుచున్నవి, గోడనీడలో తిన్నగా నిలుచుచున్నవి. ఆ దిక్కుల భేదముచేతనే నలుపులోనుండి నలుపు వేరుపడి, స్త్రీమూర్తి యొకటి తేలుచున్నది. చేతిలో బాకు. విషమున్న పాత్ర. వెనుక ఆమె దీర్ఘవస్త్రపు చెరగును పట్టిన పరిచారకజనము. ఈ చెరగు సంగతి నన్ను చాలసేపు ఆపినది. త్రోసివేయబడిన ఇల్లాలికి చెరగుపట్టువారెవరు? మరియొక చిత్రకారుడైనచో జుట్టు విరబోసి, రొమ్ము బాదుకొను మెడేయాను గీసి మనచే అయ్యోయనిపించియుండును. రెంబ్రాంటు ఆమె రాచరికమును ఊడబెరుకలేదు. ఆమె పెండ్లికి వచ్చిన రాణివలెనే వచ్చినది, రాణివలెనే పోవుచున్నది. కోపమునకు గౌరవమిచ్చిన చిత్రమిది. జాలికంటె అది అరుదు.

మందిరపు వాలకమును గూర్చి ఒకమాట. కథ గ్రీకులది, దేవత రోమనులది, పురోహితుని కుళ్ళాయియు, కమానులును మాత్రము పాత కథోలికమతపు చర్చిని తలపించును. 1578లో ప్రొటెస్టెంటుల చేతికి వచ్చిన పిదప ఆమ్‌స్టర్‌డాము చర్చిలలో విగ్రహములు తొలగింపబడినవి; అట్టి ఊరిలో 1648నాటి పాఠకుడు పుస్తకము తెరచి విగ్రహమును, ధూపమును, ఆడంబరమును చూచినప్పుడు, ఈ కర్మకాండను అంతగా నమ్మరాదని అతని అలవాటే అతనికి చెప్పియుండును. ఇది నా యూహ. కాని జూనో సంగతి ఊహ కాదు. ఈ రేకునుండి వచ్చిన తొలి అచ్చులలో ఆ దేవత తల బోసిగా నున్నది. పిదప రెంబ్రాంటు రేకును మరల చేపట్టి ఆమెకు కిరీటము పెట్టెను. ముద్రాచిత్రములకు ఇట్లు అవస్థలుండును, చిత్రకారుని మనసు మారినకొలది రేకు మారును, మారినకొలది అచ్చు మారును. గోరంత కిరీటమునకై తీర్చిన పనిని మరల తీర్చనేల? జూనో ధర్మపత్నులకు రక్షకురాలు. జేసను ధర్మపత్ని క్రింద నీడలో నిలిచియుండగా, పైన ఆ దేవతయెదుటనే అతడు మరియొకతె చేయి పట్టుచున్నాడు. విగ్రహము విగ్రహముగా మిగులక సాక్షి కావలెనన్నచో అది ఎవరో చూపరికి తెలియవలెను గదా.

కాగితమును గూర్చియు చెప్పవలెను, అందు మనకు దూరపు చుట్టరిక మొకటి కలదు. ఈ చిత్రము చేసిన రోజులనాటినుండియే రెంబ్రాంటు కొన్ని అచ్చులకు జపాను కాగితమును వాడసాగెను. ఐరోపా కాగితముకంటె అది నునుపైనది, లేతపసుపు చాయ గలది. సిరాను మెత్తగా పీల్చుకొని గీతల కరకుదనమును తగ్గించును. తెల్లని కాగితమున వెలుగు చలికాలపుటుదయము వంటిదైనచో, దీనిమీద దీపపు కాంతివలె వెచ్చనగును. అనగా, రేకును తాకకయే చిత్రములోని పొద్దును మార్చవచ్చును. ఆ కాగితమును తెచ్చినది 1602లో స్థాపితమైన డచ్చి ఈస్టిండియా కంపెనీ ఓడలు. మన మచిలీపట్నమున కొట్లు కట్టి అద్దకపు వస్త్రములను ఎగుమతి చేసినదియు ఆ కంపెనీయే. దాని మనుష్యుల సమాధులు భీమునిపట్నమున నేటికిని చూడవచ్చును. మొగలు చిత్తరువులను చూచి రెంబ్రాంటు గీసిన ఇరువదికి పైబడిన రేఖాచిత్రములును ఆ వర్తకపు దారినే అతని బల్లమీదికి వచ్చిన సరకుల ఫలము. సముద్రవర్తకము మనకు చేసిన మేలెంతయో కీడెంతయో చరిత్రకారులు తేల్చుదురుగాక. ఒక నీడను మెత్తబరచుటకు అది అక్కరకు వచ్చినదనుట మాత్రము నిక్కము.

చిత్రము క్రింద డచ్చిపద్యము గల అచ్చు కూడ కలదు. దానిని ఉద్యోగిని నా కోరికమీద తెచ్చి మొదటిదాని ప్రక్కన నుంచెను. క్రెయూసా జేసనులు ఇచ్చట బాస చేసికొనుచున్నారనియు, అన్యాయముగా త్రోయబడిన భార్య పగబూని పోవుచున్నదనియు నాలుగు పాదములలో చెప్పిన సారాంశము. తరువాతి అవస్థలో ఆ పద్యభాగమును రేకునుండి కోసివైచిరి. నాకైతే ఆ కోత న్యాయముగనే తోచినది. చీకటిలో వెదకి పట్టుకొనవలసినదానిని పద్యము ముందే వ్రేలితో చూపుచున్నది. చూపరి చూపునకు రెంబ్రాంటు నేర్పుతో కట్టిన దారిని సిక్సు, పాపము, అడ్డదారి చేసెను.

సిక్సును నిందించుటకు మాత్రము మనసొప్పదు. అతనిని రెంబ్రాంటు ముందటియేడు, 1647లో, కిటికీకి ఆనుకొని నిలుచుండి చదువుకొనుచుండగా ఎచ్చింగున నిలిపెను. దానిని కూడ అడిగి చూచితిని. గదియంతయు నల్లన, కిటికీవెలుగు అతని వెనుకనుండి వచ్చి, చేతిలోని కాగితముపై పడి, అచ్చటినుండి ముఖమున కెక్కుచున్నది. మెడేయాకు నిరాకరించిన వెలుగు ఆమె కథను వ్రాసినవానికి ఇట్లు పుష్కలముగా దొరికినది. ఆ నలుపునకై రెంబ్రాంటు ఆమ్లముతో తృప్తిపడక, సూదితో రాగిని నేరుగా గీరి, గీత అంచున లేచిన గరుకును అట్లే విడిచెను. ఆ గరుకు సిరాను పట్టి యుంచుటచే అచ్చులో నలుపు పట్టువస్త్రమువలె మెత్తగా వచ్చును. కొన్ని అచ్చులు తీయులోపలనే అది అరిగిపోవును. 1653లో సిక్సు అతనికి 1,000 గిల్డరులు వడ్డీలేకుండ బదులిచ్చెను. 1654లో సిక్సు తైలవర్ణచిత్రము పూర్తియయ్యెను. బదులుపత్రము తరువాత పరుల చేతికి బదిలీ అయ్యెను. 1656లో యోడెన్‌బ్రేస్ట్రాట్ ఇంటికి పట్టీ వ్రాయువారు వచ్చిరి. సిక్సు 1691లో నగరమునకు బర్గోమాస్టరయ్యెను. కిటికీయొద్ద చదువుకొనుచున్న అతని చిత్రపు రాగిరేకు, తైలవర్ణచిత్రముతోబాటు, నేటికిని అతని వంశమువారి యొద్దనే యున్నది.